తల పట్టే ముత్యాలు

కంచె పక్కన రాలిన ఇప్పపువ్వును ఈతచీపురుతో ఊడ్చి కుప్పలు పెడుతున్నాడు ముత్యాలు. రాత్రంతా రాలి గడ్డి మీద పసుప్పచ్చగా పరచుకుంది పువ్వు. ఇటు ఊడుస్తుంటే వెనకనే మళ్ళీ నాలుగు రాలుతున్నాయి. ఒక్క పువ్వు అడ్డం వచ్చినా గోల్ఫు బంతి వంకరగా పోతుందని మిల్లు పెద్దసారు నమ్మకం. పెద్దసారు కొట్టిన బంతి వంకరగా పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క పెద్దసారు తప్ప. పువ్వు ఒకటి, గాలి ఒకటి, సరిగ్గా కొట్టబోయే సమయానికి కూసే కోయిల ఒకటి. కోయిలను ముత్యాలు ఏమీ చేయలేడు గనుక పువ్వునైనా ఊడుస్తున్నాడు.

ఏన్కూరు దాటి అడవిలోకి ఏడెనిమిది మైళ్ళు పోతే అట్టల మిల్లు. మిల్లు వెనక ఆఫీసర్ల క్లబ్బు, క్లబ్బు వెనక బంతి దింపే గుంతలు ఆరున్న గోల్ఫు మైదానం. అడవి కొట్టి ఆ మైదానం చేసినప్పుడు చెట్ల మొదళ్ళు పెరికినవాళ్ళలో ముత్యాలూ ఒకడు. తర్వాత గడ్డి నాటాడు, నీళ్ళు పోశాడు, పాముల్ని తరిమాడు. పదకొండేళ్ళుగా రోజుకూలీ. రోజుకూలీ అంటే మిల్లు మనిషే, కాదు కూడా. పని చెప్పేటప్పుడు మిల్లు మనిషి. పండక్కి బట్టలు పంచేటప్పుడు ఎవరో కోయవాడు.

వయసు యాభై ఉంటుందేమో, అతనికే తెలియదు. ఎముకలు గట్టివేగాని నిటారుగా నిలబడలేడు. అడవిలో వెదురు నరికే కూపులో పనిచేసే రోజుల్లో లారీకి బొంగులు ఎక్కిస్తుంటే మోపు జారి నడుము మీద పడింది. అప్పటినుంచి నడుము కుడికి ఒరిగింది, మెడ ముందుకు వచ్చింది. నడిచినా నిలబడినా నేలమీద పోయినదేదో వెతుక్కుంటున్నట్టే ఉంటాడు.

కూపులో వెదురు నరకడం ఇద్దరి పని. ఒకడు బొంగును వంచి పడితే ఇంకొకడు గొడ్డలి వేస్తాడు. పట్టేవాడు గొడ్డలి వంక చూడకూడదు. చూస్తే భయానికి చేయి ముందే వెనక్కి వచ్చేస్తుంది. నరికేవాడి ఎడమ మడమ వంక చూడాలి. మడమ లేచిందంటే గొడ్డలి పైకి పోయింది. మడమ నేలకు ఆనిందంటే గొడ్డలి దిగుతోంది, అప్పుడు తప్పుకుంటే చాలు. ఇరవై ఏళ్ళు మడమలు చూసి పది వేళ్ళూ మిగుల్చుకున్నాడు ముత్యాలు. కూపులో ఇంకొక కట్టడి కూడా ఉంది. ఎప్పుడైనా దెబ్బ తప్పి పట్టేవాడికి తగిలితే తప్పు పట్టేవాడిదే, చూసుకోవలసింది వాడు గనుక. తగిలినవాడు మూలగకుండా వెంటనే మళ్ళీ పట్టాలి. పట్టకపోతే నరికేవాడి చేతిలో భయం దిగుతుంది. భయం దిగిన చేయి ఇక గొడ్డలికి పనికిరాదు, వాడి ఇంట్లో పొయ్యి వెలగదు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియని ఈ కట్టడిని ముత్యాలు ఎన్నడూ ప్రశ్నించలేదు.

ఈ విద్య గోల్ఫు మైదానంలో అక్కరకు వస్తుందని ఎవరనుకుంటారు. మూడేళ్ళ కింద పెద్దసారుకు, అంటే జనరల్ మేనేజరు వెంకటనారాయణ గారికి, ఒక ఉపాయం తెలిసింది. ఆయనది కృష్ణా ఒడ్డున మాగాణి ఉన్న కుటుంబం, చదివింది మద్రాసులో, మోజు గోల్ఫు మీద. బంతిని కొట్టకముందే అది ఎక్కడికి పోతుందో చూద్దామని తల ఎత్తడం ఆయన జబ్బు. తల లేస్తే వెన్ను లేస్తుంది, వెన్ను లేస్తే కర్ర బంతి నెత్తిన తగులుతుంది, బంతి పదిగజాలు పొర్లి ఆగుతుంది. ఎవరైనా ఎదురుగా నిలబడి తలను కదలకుండా పట్టుకుంటే ఈ జబ్బు పోతుందని ఎవరో చెప్పారు. ఆఫీసర్లు ఎవరూ ముందుకు రాలేదు. ఇనుప కర్ర గిర్రున తిరిగే చోట నిలబడటానికి జీతాలు తీసుకునేవాళ్ళు ఎందుకు వస్తారు. ముత్యాలును పిలిచారు.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం పెద్దసారు తల మీద అరచేయి ఆనించి నిలబడటం ముత్యాలు పని. బంతికి అవతల, సారుకు కొంచెం ఎడమగా నిలబడి, చేయి చాచి, నూనె రాసిన ఆ జుట్టు మీద అరచేయి పెడతాడు. చూపు మాత్రం సారు ఎడమ మడమ మీద. కర్ర ఎత్తేటప్పుడు మడమ లేస్తుంది. మడమ ఆనగానే మనసులో ఒకటి అనుకుని, బంతి చప్పుడుతోపాటు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. కర్ర అతని ముఖం ముందునుంచి గాలి కోసుకుంటూ పైకి పోతుంది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా తగల్లేదు.

మిల్లు మొత్తంలో పెద్దసారు నెత్తిన చేయి పెట్టే మనిషి ముత్యాలు ఒక్కడే. ఆ ఘనతకు క్లబ్బు గుమాస్తా చెంచురామయ్య కూడా అసూయపడేవాడు.

ఒకనాడు మంచి ఊపు మీదుండి పెద్దసారు అన్నారు. "వరసగా పది బంతులు నా తల కదలకుండా కొట్టిననాడు నిన్ను పర్మనెంటు చేస్తాన్రా ముత్యాలూ."

ఆయన ఆ మాట ఆ సాయంత్రమే మరిచిపోయి ఉంటారు. ముత్యాలు మరవలేదు. ఇంట్లో భార్య జంపక్కకు రెండు కళ్ళకూ పొర కమ్ముతోంది. ముందు సూదిలో దారం పోయేది కాదు, తర్వాత బియ్యంలో రాళ్ళు కనిపించలేదు, ఇప్పుడు వాకిట్లోకి వచ్చింది మనిషో మేకో చప్పుడు చేస్తేగాని తెలియదు. పర్మనెంటువాళ్ళ ఇంటివాళ్ళను మిల్లు జీపులో ఖమ్మం తీసుకుపోయి ఆపరేషను చేయిస్తారు. వానలు పడేలోపల చేయించకపోతే ఇక పొర తీసినా లాభం లేదని మిల్లు కాంపౌండరు చెప్పాడు. పర్మనెంటు చేయమని కాగితం రాసి వేలిముద్ర వేయించి చెంచురామయ్య ఫైల్లో పెట్టుకున్నాడు. కావలసింది పెద్దసారు సంతకం. ఆ పెద్దసారుకేమో బదిలీ అయింది, ఈ నెలాఖరుకు మద్రాసు పోతున్నారు.

తల కదిలిందా లేదా అన్నది తెలిసేది ప్రపంచంలో ఒక్క ముత్యాలు అరచేతికే. అబద్ధం ఆడితే ఈ పాటికి పర్మనెంటు అయిపోయి రెండేళ్ళయ్యేది. కాని పట్టేవాడు అబద్ధం చెబితే ఎవడి వేళ్ళో తెగుతాయి, ఆ అలవాటున పెరిగిన మనిషి. నాలుగో బంతికో ఆరో బంతికో తల జారగానే "కదిలింది సారు" అనేవాడు. ఇంటికి పోయి జంపక్కతో కూడా అదే చెప్పేవాడు.

ఈ పొద్దున తలకు తువ్వాలు చుట్టుకుంటుంటే జంపక్క అడిగింది. "ఇయ్యాలన్న ఆయన తలకాయ నిలబడుతదా?"

"నిలబడుతది. నేర్పెతందుకు పట్నం నుంచి కొత్త సారు వచ్చిండు."

"మూడేండ్లాయె నెత్తిమీద చెయ్యి పెట్టవట్టి. గన్నిసార్లు ఒట్టేస్తె రాతిదేవతన్న పలుకుతుండె."

ముత్యాలు నవ్వుకుంటూ బయలుదేరాడు.

కొత్త సారు సికింద్రాబాదులో మిలిటరీ నుంచి రిటైరైన మేజరు. వచ్చే ఆదివారం అక్కడ పోటీ ఉంది, దానికోసం పెద్దసారు ఆయన్ను పిలిపించారు. మొన్న కారేపల్లిలో రైలు దిగితే జీపు పోయి తెచ్చింది. బుర్రమీసాలు, తెల్ల బూట్లు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. ముత్యాలుకు ఒక్కటీ తెలియదు.

ఏడు గంటలకు పాఠం మొదలైంది. కాళ్ళు భుజాల వెడల్పున పెట్టమన్నాడు మేజరు. మోకాళ్ళు కాస్త సడలించాలి. వంగడం నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర. వెన్ను బద్దలా ఉండాలి. గడ్డం రొమ్ముకు ఆనకూడదు, ఆనితే భుజం తిరగడానికి చోటుండదు. బరువు మడమల మీద వేస్తే వెనక్కి పడతావు, వేళ్ళమీద వేస్తే ముందుకు పడతావు, పాదం మధ్యలో వేసుకో. యాభై ఏళ్ళ పెద్దసారుకు నిలబడటం అప్పుడే నేర్పుతున్నట్టుంది. ఎంత చెప్పినా ఆయన నడుము దగ్గరే వంగుతున్నారు.

మేజరు విసిగిపోయి చుట్టూ చూసి ముత్యాలును రమ్మని సైగ చేశాడు. పక్కకు తిప్పి నిలబెట్టి, చేతిలోని కర్రతో అతని వెన్ను మీద మూడుచోట్ల తట్టాడు. ఇదిగో చూడండి, ఇట్లా నిలబడితే ఈ జన్మలో బంతి తగలదు అన్నాడు. ఒరిగిన నడుమును, ముందుకొచ్చిన మెడను కర్రతో గీసి గీసి చూపించాడు. పెద్దసారు పొట్ట పట్టుకుని నవ్వారు. నిమ్మనీళ్ళ పళ్ళెంతో నిలబడ్డ చెంచురామయ్య కూడా, పళ్ళెం ఒలకనంత మేరకు నవ్వాడు.

"ఉండు ముత్యాలూ, అట్లాగే ఉండు. కదలకు," అన్నారు పెద్దసారు.

ముత్యాలూ నవ్వాడు. అతను నవ్వకుండా ఉంటే నాకు కొంచెం బాగుండేది. కాని సారు సంతోషంగా ఉన్నారు, సంతోషంగా ఉన్న తల నిలకడగా ఉంటుందని అతని ఆలోచన.

ఆ వంకర నడుము చూశాక పెద్దసారుకు వంగడం తెలిసింది. వెన్ను బద్దలా నిలిచింది. ముత్యాలు వెళ్ళి తన చోట నిలబడి అరచేయి ఆనించాడు. మొదటి బంతి నేరుగా పోయింది. రెండోది ఇంకా దూరం. మూడు, నాలుగు. అరచేతి కింద తల మేకు కొట్టినట్టు ఉంది. ఐదు. ఆరు. ఆరు దాటి ఎన్నడూ పోలేదు.

మేజరు చేయెత్తి ఆపాడు. వంగి పెద్దసారు ఎడమ బూటును వేలితో పొడిచి ఏదో చెప్పాడు. అదంతా ఇంగ్లీషులో. మడమ లేస్తోంది, అది పాతకాలపు పద్ధతి, దాన్ని నేలకు అంటించి ఉంచండి, ఒళ్ళు నడుము పైనే తిరగనివ్వండి, అప్పుడు చూడండి వేగం అని దాని అర్థం. పెద్దసారు తలూపారు. ఈ ముక్క ఎదురుగా నిలబడ్డవాడికి చెప్పాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. బంతిని నిలబెట్టే మేకుకు చెబుతామా ఏమిటి.

ముత్యాలు మడమ వంక చూస్తున్నాడు. మడమ లేవలేదు. సారు ఇంకా కర్ర ఎత్తలేదనుకున్నాడు. మడమ లేవకుండానే బంతి చప్పుడైంది. అలవాటైన అడుగు వెనక్కి పడేసరికి రెప్పపాటు ఆలస్యమైంది. పైకి లేస్తున్న కర్ర, దాని ఇనుప ముక్కు కాదు, నడిమి కడ్డీ, తువ్వాలు మీదుగా చెవి పైన తగిలింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. ముత్యాలు గడ్డిలో కూర్చుండిపోయాడు.

బంతి మాత్రం ఆ మైదానంలో ఎన్నడూ ఏ బంతీ పోనంత దూరం పోయింది. కంచె దాటి ఇప్పచెట్లలో పడింది. ముగ్గురూ ముందు దానివంక చూశారు, తర్వాత ముత్యాలు వంక చూశారు.

"తగిలిందా?" అన్నారు పెద్దసారు. ఆయన ముఖం పాలిపోయింది. కర్ర పట్టిన చేయి వణుకుతోంది.

ముత్యాలు ఆ చేయిని చూశాడు. నెత్తురు రాలేదు, చెవిలో మాత్రం హోరు. అయినా అతనికి కనిపించింది సారు చేతిలో దిగుతున్న భయమే. ఇప్పుడు పట్టకపోతే ఆ చేయి పాడవుతుంది. నేల మీద చేయి ఆన్చి లేచాడు.

"ఏం గాలే సారు. తప్పు నాదే. జల్దీ కొట్టుండ్రి."

అరచేయి మళ్ళీ తల మీద పెట్టాడు. పెద్దసారుకు ఊపిరి వచ్చింది. తప్పు వాడిదేనని వాడే అంటున్నాడు, ఇంకేం కావాలి. గుడ్ మాన్ అన్నాడు మేజరు.

"ఇంతకీ తల కదిలిందా?"

"కదల్లే సారు. ఏడు."

ఎనిమిదో బంతికి మడమను వదిలేసి మోకాలి వంక చూశాడు. మోకాలు రెండుగా కనిపిస్తోంది. తొమ్మిదో బంతికి వాంతి వచ్చినట్టయితే మింగాడు. పదో బంతి చప్పుడు అతనికి చాలా దూరంనుంచి వినిపించింది. చేయి మాత్రం కదలలేదు, చేతికింది తలా కదలలేదు.

"పది," అన్నాడు.

పెద్దసారు మేజరును కావలించుకున్నారు. చెంచురామయ్య చేతిలోంచి నిమ్మనీళ్ళ గ్లాసు లాక్కుని ఒక్క గుక్కలో తాగారు. మాట గుర్తుచేసింది చెంచురామయ్యే, పాపం ఆ పుణ్యం అతనికి ఇవ్వాలి. పెద్దసారు పెద్దమనసుతో నవ్వారు. "అన్నాను, అన్నాను. మాటంటే మాటే. ఆ కాగితం పట్రా, ఇక్కడే పెట్టేస్తా సంతకం." చెంచురామయ్య ఫైలుకోసం క్లబ్బులోకి పరుగెత్తాడు.

"ముత్యాలూ, ఈలోగా ఆ ఏడో బంతి వెతికి తీసుకురా. నా పేరు అచ్చువేయించిన బంతి అది. మద్రాసు తీసుకుపోయి అద్దాల బీరువాలో పెట్టుకుంటా."

ముత్యాలు కంచె దాటి చెట్లలోకి పోయాడు. ఎడమకాలు కొద్దిగా ఈడుస్తోంది. నేలంతా పువ్వు, అడుగు వేస్తే చితికి కాలికి జిగటగా అంటుకుంటోంది. తెల్లగా కనిపించినదల్లా బంతేననుకుని వంగాడు. ఒకచోట వంగి లేవలేక పువ్వులో బోర్లాపడ్డాడు. పొద్దున తాగిన అంబలి అంతా కక్కుకున్నాడు. ముఖం ఎత్తి చూస్తే బంతి జానెడు దూరంలో ఉంది. దాన్ని తీసి రొండిన బట్ట మడతలో దోపుకున్నాడు. సంతకం పెడుతున్నారు, జల్దీ పోవాలి. ఈ ఒక్క ఆలోచనే అతన్ని లేపి నిలబెట్టింది.

అతను తిరిగి వచ్చేసరికి పెద్దసారు చేతిలో కలం ఉంది, మూత తీసి ఉంది. ఫైలు తెరిచి చెంచురామయ్య పట్టుకున్నాడు. ముత్యాలు తూలుతూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బంతి దొరికిందని చెప్పబోయాడు. నాలుక మడతపడింది, మాట రాలేదు, నోటి మూలనుంచి చొంగ కారింది. ముఖం నిండా, బట్టల నిండా చితికిన ఇప్పపువ్వు వాసన, సారా కాచే పువ్వు వాసన.

పెద్దసారు ఒక అడుగు వెనక్కి వేశారు. "ఏంటిది? పొద్దున్నే పట్టించొచ్చాడా వీడు?"

అడవిలో ఇంతే, ఎక్కడైనా ఇంతే అన్నాడు మేజరు. వీళ్ళకు పది నిమిషాలు సందు దొరికితే చాలట. పది నిమిషాల్లో సారా ఎవరు కాచి ఇచ్చారో ఆయన ఆలోచించలేదు. చెంచురామయ్య ఆలోచించాడు. ముత్యాలు సారా ముట్టడని అతనికి తెలుసు. దెబ్బ తగలడం కూడా కళ్ళారా చూశాడు. చెబుదామని నోరు తెరిచాడు, పెద్దసారు ముఖం చూసి మూసుకున్నాడు. దెబ్బ సంగతి ఎత్తితే ఆ దెబ్బ ఎవరు కొట్టారన్నది కూడా వస్తుంది.

"మర్యాద ఇచ్చే కొద్దీ నెత్తికెక్కుతారు," అని కలానికి మూత పెట్టారు పెద్దసారు. "రేపు తెలివొచ్చాక రమ్మను. అప్పుడు చూద్దాం."

ముత్యాలు రొండి వంక చేయి చూపించాడు. ఎవరికీ అర్థం కాలేదు.

"పోయి పండుకో ముత్యాలూ. పొద్దుగాల రా," అన్నాడు చెంచురామయ్య. మెల్లగానే అన్నాడు.

గూడెం మైలు దూరం. ఎట్లా నడిచాడో చూసినవాళ్ళు లేరు. ఇంటికి చేరేసరికి ఎండ ముదిరింది. ఈడుస్తున్న అడుగుల చప్పుడుకు జంపక్క వాకిట్లోకి వచ్చింది.

"ఏమాయె? సంతకం పెట్టిండా?"

ఆమె దగ్గరికి వచ్చి వాసన చూసింది. ఆ వాసన పచ్చిపువ్వుది. పచ్చిపువ్వుకూ సారాకూ తేడా తెలియని ముక్కు గూడెంలో ఎవరికీ లేదు.

"తాగలే గదా. మరేంది, గట్ల ఊగుతున్నవ్?"

ముత్యాలు ఏదో అన్నాడు. ఆమెకు తెలియలేదు. చేయి చాచి అరచేయి ఆమె నెత్తిన ఆనించాడు, ఆదివారం ఆదివారం పెద్దసారుకు ఆనించినట్టే. ఆమె పరాచికమనుకుంది. పది నిలబడ్డయా, పెట్టిండా అని అడిగింది. అతను తల ఊపాడేమో, ఆమెకు కనిపించదు. కొంతసేపటికి ఆ చేయి జారిపోయింది. అరుగు మీద చాప పరిస్తే ఒరిగి పడుకున్నాడు.

కళ్ళుంటే ఆ చెవి పైన లేచిన వాపు కనిపించేది, ఒక కంటిపాప పెద్దదై ఒకటి చిన్నదై ఉండటం కనిపించేది. ఆమెకు గురక ఒక్కటే వినిపించింది. అలసిపోయిండు, పది బంతులు పట్టిండు అనుకుంది. గురకను వింటూ జొన్నలు విసురుకుంది. మిల్లు జీపులో ఖమ్మం ఎంతసేపు పడుతుందో, కట్టు విప్పాక ముందు ఏం కనిపిస్తుందో అనుకుంటూ విసురుకుంది. పొద్దు వాలింది. ఇంకొకరి మేకలు అరుస్తూ తిరిగి వచ్చాయి. తిరగలి ఆపి వింటే అరుగు మీద చప్పుడు లేదు.

మర్నాడు ఒంటికి నీళ్ళు పోసేటప్పుడు ఆమె వేళ్ళకే వాపు తగిలింది. "ఎవరు కొట్టిండ్రు?" అని అడిగింది చుట్టూ ఉన్నవాళ్ళను. ఎవరికీ తెలియదు. రొండి విప్పితే గుండ్రంగా గట్టిగా ఏదో చేతిలో పడింది. ఆమె దాన్ని చాలాసేపు తడుముతూ కూర్చుంది.

అప్పుడే చెంచురామయ్య సైకిలు దిగాడు. తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. తర్వాత జంపక్క దగ్గర కూర్చుని, నేలవంక చూస్తూ అడిగాడు.

"నిన్న సారు ఎతకమన్న బంతి దొరికిందా అని అడగమన్నరు."

జంపక్క గుప్పిట బిగించింది. "ఆయన రొండిల ఉన్నది ఆయనదే. కావాల్నంటే ఆయన్నే అడుగమను."

చెంచురామయ్య లేచి, దొరకలేదని చెబుతానన్నాడు. ఆ తర్వాతి ఆదివారం సికింద్రాబాదులో పెద్దసారు గెలిచారు. తల పట్టేవాడు లేకపోయినా ఆయన తల కదలలేదు. కంటి ఆపరేషను సంగతి ఎవరూ ఎత్తలేదు. మృగశిర కార్తెలో వానలు మొదలయ్యాయి.

పోయినవాడి వస్తువులు వాడిని కాల్చినచోటే ఉంచడం గూడెం పద్ధతి. వాగు అవతల ముత్యాలును కాల్చిన చోట బూడిద వానకు కొట్టుకుపోయి రాళ్ళు తేలాయి. ఆ రాళ్ళ మధ్య గొడ్డలి, సొరబుర్ర, వాటి పక్కన వెంకటనారాయణ గారి పేరు ఎర్రసిరాతో అచ్చువేసిన తెల్లటి బంతి.